పుట్టకముందే కుట్టిన బొంత

క్రిస్మస్‌కు ముందొచ్చే ఆగమన కాలం మొదటి ఆదివారం పూజలో ఫాదర్‌గారు ఊదారంగు వస్త్రాలు వేసుకొని వచ్చి, "సిద్ధపడండి" అన్నారు. అప్పటికి నాకు ఏడో నెల. ఇంటికి రాగానే పెట్టెలోంచి రెండు పాత చీరలు తీశాను. మడత మీద మడత పరిచి, పుట్టబోయే బిడ్డకు బొంత కుట్టడానికి కూర్చున్నాను.

మా వైపు అలా చేయరు. మాది మానుకోట వైపు గూడూరు దగ్గర పల్లె. తాతల నాటి నుంచీ క్రైస్తవులమే. అయినా కొన్ని భయాలు జ్ఞానస్నానం పొందకుండానే మా వెంట గుడిలోకి వచ్చేశాయి. కడుపులో ఉన్న బిడ్డకు ముందుగా గుడ్డపేలిక కూడా కొనకూడదట. దిష్టి తగులుతుందట.

అంతకుముందు నాకొక బిడ్డ ఎనిమిదో నెలలో కడుపులోనే పోయాడు. మానుకోట అంగట్లో నేను ముచ్చటపడి కొన్న చిన్న ఊలు టోపీయే అందుకు కారణమని ఊరు తేల్చింది. టోపీ బిడ్డను చంపిందట! ఆ మాట అన్నవాళ్లలో మా అత్తమ్మ లేదు. అలాగని కాదనీ అనలేదు. బిడ్డను దవాఖానవాళ్ల పచ్చగుడ్డలోనే చుట్టి ఇస్తే, మా ఆయన అలాగే తీసుకెళ్లి మట్టి చేసి వచ్చాడు. ఆ టోపీ ఏమైందని నేను ఎవరినీ అడగలేదు.

అందుకే ఈసారి ఇంట్లో ఎవరూ బిడ్డ మాట ఎత్తేవారు కాదు. నా పొట్ట ఎదురుగా ఉన్నా లేనట్టే తిరిగేవారు. నాకు ఒళ్లు మండేది. ఒక బిడ్డ పుట్టకుండా పోయాడని రెండో బిడ్డను పుట్టేదాకా లేనట్టే చూడాలా?

బొంత చూసి అత్తమ్మ ముఖం మాడింది.

"ఏందే గిది? తీసి లోపల వెట్టు. పుట్టినంక కుట్టొచ్చు తియ్యి."

"ఫాదర్ సిద్ధపడుమన్నడు గద అత్తమ్మా."

"ఆయన చెప్పింది మనసు సంగతి."

"మనసు ఊకెనే సిద్ధమైతదా? చేతులకు పని చెప్పాలె."

క్రిస్మస్‌కు గుడిలో యేసు పుట్టిన పశువుల పాక కట్టేది యువకులే గానీ, తొట్టిలో గడ్డి పరిచేది మా అత్తమ్మ. ఏళ్ల తరబడి ఆ పని ఇంకొకరికి ఇవ్వలేదు. వరికోతలయ్యాక మెత్తటి గడ్డి ఏరి, దుమ్ము దులిపి, ఎండబెట్టి, ఎక్కడైనా గుచ్చుకుంటుందేమోనని అరచేత్తో తడిమి మరీ పరుస్తుంది. బాలయేసు బొమ్మను పండుగ పూజలో గానీ పెట్టరు. అంతవరకూ అందరం ఖాళీ తొట్టి ముందే మోకరిస్తాం. ఆ రోజు అదే అడిగాను.

"దేవుని బిడ్డకు ముందుగాలనే పడక పరుస్తవు. నా బిడ్డకు పరిస్తే దిష్టా?"

"ఆయనకేమైతదే? ఆయన దేవుడు. ఏటేటా పుట్టి తీరుతడు."

నేను బొంత మీదికి వంగి ఇంకో కుట్టు వేశాను.

మర్నాటి నుంచి బొంత తీసుకెళ్లి వీధి అరుగు మీద కూర్చున్నాను. చూసేవాళ్లంతా చూడనీ అనుకున్నాను. పత్తి ఏరడానికి పోయే ఆడవాళ్లు ఆగి ఆగి చూసేవారు. ఒకామె అననే అంది, "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది" అని. నేను పొట్ట తట్టి చూపించాను. "చూలైతే గిదో, కానొస్తలేదా అక్కా?" ఆమె నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకొని పోయింది. అత్తమ్మ మాత్రం నవ్వలేదు. నేను కుడుతున్నంతసేపూ అటు వచ్చేదే కాదు.

మూడో ఆదివారం గుడిలో గులాబీరంగు కొవ్వొత్తి వెలిగించారు. సంతోషించమని దాని అర్థం. మర్నాడు పొద్దున లేచేసరికి నా కడుపులో కదలిక లేదు.

మా ఆయన ఆటో పిలుచుకొచ్చాడు. మానుకోట దవాఖానకు పోయే దారంతా నేను ప్రార్థన చేయలేదు. దేవుడితో జగడమాడాను. సిద్ధపడమన్నది నువ్వే. నేను సిద్ధపడ్డాను. మాట తప్పితే నీదే తప్పు, నా బొంతది కాదు. ఈసారి ఊరివాళ్లు బొంత పేరెత్తితే ఒక్కరినీ వదలనని కూడా చెప్పాను.

నర్సు పొట్ట మీద చల్లటి యంత్రం పెట్టి అటూ ఇటూ జరిపింది. కుట్టుమిషన్ తొక్కినట్టు టకటకమని గుండె చప్పుడు వినిపించింది. నేను ఏడ్చాను. మా ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు. తరువాత ఇంటికి ఫోన్ చేశాడు. మళ్లీ మళ్లీ చేశాడు. అత్తమ్మ ఎత్తలేదు.

ఎత్తకపోవడంతో నాకు అర్థమైపోయింది. ఈపాటికి బొంత పొయ్యిలో పెట్టి ఉంటుంది. ఇంటికి పోగానే ఏమేం అనాలో దారి పొడుగునా కూడబలుక్కున్నాను.

ఆటో దిగేసరికి అత్తమ్మ వీధి అరుగు మీద, నేను కూర్చునే చోటే కూర్చొని ఉంది. ఒళ్లో బొంత. కుట్లు వంకరటింకరగా, పెద్దపెద్దగా పడ్డాయి. పైన కొత్తగా ఒక పొర చేరింది. గుడికి మాత్రమే కట్టుకునే తన మెత్తటి తెల్లచీర అది.

"ఫోన్ ఎందుకు ఎత్తలే?" అన్నాను. కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఏ మాటొస్తదో అని ఎత్తలే." తల ఎత్తకుండానే కుడుతోంది. "పోయినసారి పిలగానికి మనింటి బట్ట కూడ లేకపాయె. ఎట్లొచ్చినా ఈసారి మనింటి బొంతలనే పండాలె."

నేను పక్కన కూర్చున్నాను. "గుండె మంచిగ కొట్టుకుంటుందట అత్తమ్మా" అన్నాను.

అత్తమ్మ సూది నా చేతిలో పెట్టింది. "దారం ఎక్కియ్యి. కండ్లు కానొస్తలేవు."

ఈస్టరు ఉపవాసాల తపస్కాలం రాకముందే పాప పుట్టింది. ఇప్పుడు ఊరంతా అది బొంత మహిమ అంటోంది. నిన్నటిదాకా దిష్టి అన్న నోళ్లే. నేను ఒప్పుకోను. నా టోపీ ఎవరినీ చంపలేదు, మా బొంత ఎవరినీ బతికించలేదు. పాప పుట్టకపోయినా ఆ బొంత పాపదే.