ఉమ్మడి గోడ

నేను టౌన్ ప్లానింగ్‌లో పీజీ చదివిన రోజుల్లో మా డ్రాయింగ్ హాల్లో ఆడపిల్లను నేనొక్కదాన్నే. అందుకు గర్వపడేంత తీరిక ఉండేది కాదు. హార్బర్ వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి ట్రేసింగ్ కాగితం మెత్తబడిపోయేది, ఇంకు పెన్ను మొండికేసేది, నాకు కోపం ముంచుకొచ్చేది. కోపం మా నాన్న వైపు నుంచి వచ్చిన ఆస్తి. ఆ ఒక్క ఆస్తిలో మాత్రం నా వాటా ఎవరూ తగ్గించలేదు.

మా మాస్టారు మంచివారే. ఆయనకి కొలత అంటే ప్రాణం, ఖాళీ స్థలం అంటే పంచప్రాణాలు. "గీత అబద్ధం ఆడకూడదు" అనేవారు మొదటి పాఠంలోనే. ఆ తర్వాతి పాఠం సెట్‌బ్యాక్. ఇంటికి నాలుగు వైపులా ఖాళీ వదలాలి. గాలి రావాలి, వెలుతురు రావాలి, పక్కింట్లో నిప్పంటుకుంటే మనింటికి పాకకూడదు. నేను బుద్ధిగా రాసుకునేదాన్ని కానీ లోపల ఒళ్లు మండేది. నేను పుట్టిన ఊళ్లో ఏ ఇంటికీ పక్కన జానెడు ఖాళీ లేదు. అంటే మేమంతా గాలీ వెలుతురూ లేక పెరిగామా?

మా వైపు పాత ఊళ్లు చూసినవాళ్లకు తెలుసు. వీధికి అటూ ఇటూ ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. రెండిళ్లకు ఒకటే గోడ. ముందరి అరుగు వీధి మొదలు నుంచి చివరిదాకా తెగకుండా సాగుతుంది. వానలో ఈ కొస నుంచి ఆ కొసకు తడవకుండా వెళ్లిపోవచ్చు. దెబ్బలాట మొదలైతే అదీ అలాగే వెళ్లేది.

డెబ్బైలలో ఉక్కు ఫ్యాక్టరీ కోసం మా ఊరు తీసుకున్నారు. మా నాన్నకు పోర్టులో పని దొరికి మేం టౌనుకి వచ్చేశాం. మిగిలినవాళ్లకు గాజువాక అవతల పునరావాస కాలనీలో చీటీలు తీసి స్థలాలు ఇచ్చారు. గళ్లు గీసినట్టు రోడ్లు, ఒక్కో గడిలో ఒక్కో ఇల్లు, చుట్టూ ఖాళీ. మా మాస్టారు చూస్తే మురిసిపోయేవారు.

మా మేనత్త అక్కడే ఉండేది. ఆమెకు మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఊళ్లో ఆమె గోడకు అవతల ఒక ముసలమ్మ ఉండేది, ఆమెదీ ఒంటి బతుకే. కాలనీలో చీటీ ఒకరిని ఒక మూలకీ మరొకరిని ఇంకో మూలకీ విసిరింది. మా వాళ్లు చీటీలు కళ్లకద్దుకుని తీసుకున్నారు. తర్వాత తమలో తాము స్థలాలు మార్చేసుకున్నారు. ఊళ్లో ఎవరి పక్కన ఎవరుండేవారో మళ్లీ వాళ్ల పక్కకే చేరారు. సరిహద్దు మీదే ఒకటే గోడ లేపి, రెండిళ్ల దూలాలూ దానిమీదే ఆనించారు. మా అత్త, ముసలమ్మ కలిసి కట్టుకున్న గోడలో చిన్న కిటికీ ఒకటి పెట్టించుకున్నారు. కూర గిన్నె అందులోంచే అటూ ఇటూ తిరిగేది. జ్వరం వచ్చినా మూలుగు అందులోంచే అవతలికి వినపడేది.

సెట్‌బ్యాక్ లేని ఇల్లు కూలగొడతామని లేఅవుట్లు చూసే ఆఫీసు అప్పటికే నోటీసులు అంటించింది. దానికి మా వాళ్లు కనిపెట్టిన విరుగుడు మా కోర్సులో ఎవరూ చెప్పనిది. రోడ్డు వైపు మాత్రం రెండిళ్ల మధ్య సందు వదిలారు. ఆ సందుకి తాటాకు తడిక కట్టారు. తనిఖీకి ఎవరైనా వస్తే ఒకావిడ తడిక ముందు నిలబడి "లోపల ఆడోళ్లు తానాలాడతన్నారు బాబూ" అనేది. వచ్చినవాళ్లు తల దించుకుని పోయేవారు. తడిక దాటితే సందు వెంటనే అయిపోయేది, ఉమ్మడి గోడ మొదలయ్యేది.

నా థీసిస్‌కి ఆ కాలనీనే తీసుకున్నాను. మావాళ్ల మీద మమకారంతో కాదు, కసితో. సెట్‌బ్యాక్ లేకుండా కూడా మనుషులు సుఖంగా ఉండగలరని కొలతలతో చూపించి మాస్టారి నోరు మూయిద్దామని. ఆయన ఒప్పుకున్నారు, పైగా సంతోషించారు. "కానీ ప్రతి గోడా కొలవాలి, ప్రతి కొలతా నేను చూడాలి" అన్నారు.

టేపు తీసేసరికి వీధి వీధంతా మొహం చిట్లించింది. ఊరు పోయే ముందు కూడా ఇలాంటి టేపులే వచ్చాయి మరి. మా అత్త అరుగు మీద నిలబడి అందరికీ వినపడేలా అరిచింది.

"మన గుంటేనర్రా, నా మేనగోడలు! సదువు కోసం కొలుత్తంది. తడికలు తియ్యండి."

తీశారు. నేను ఆడపిల్లను, ఆమె మేనకోడల్ని, అందుకని తీశారు. ఏ ఆఫీసరూ అడుగుపెట్టలేని చోటికి నేను టేపు పట్టుకుని వెళ్లాను. ప్రతి ఉమ్మడి గోడనీ, దానిమీద ఆనిన దూలాన్నీ, దానిలోని గూళ్లనీ కొలిచాను. ట్రేసింగ్ మీద ఆ గోడల్ని లావుగా, నల్లగా గీశాను. అంత మంచి పటం నేను అంతకుముందు గీయలేదు. మాస్టారు ప్రతి కొలతా చూసి పక్కన సంతకం చేశారు.

మధ్యలో ఒక రివ్యూ జరిగింది. లేఅవుట్లు చూసే ఆఫీసు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. చివరి వైవాకి పరీక్షాధికారి కూడా ఆయనే. నా షీటు ముందు చాలాసేపు నిలబడ్డారు.

"ఈ సందు రోడ్డు మీద నుంచి కనపడుతుంది కదమ్మా?"

"ఇంతవరకేనండి. వెనక మూసుకుపోయింది. ఇక్కణ్ణుంచి ఒకటే గోడ" అన్నాను ఉత్సాహంగా.

"మావాళ్లు ఎన్నిసార్లు వెళ్లినా లోపలికి వెళ్లలేకపోయారు. మీరు వెళ్లారు. భేష్." ఆయన మా మాస్టారి వైపు తిరిగారు. "ఫైనల్ అయ్యాక దీని ప్రింటు ఒకటి మా ఆఫీసుకి కావాలి మాస్టారూ. ఇంత వివరంగా మా దగ్గర లేదు."

మాస్టారి మొహం వెలిగిపోయింది. నాదీ వెలిగిందేమో. గాజువాక బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాక గానీ, ఆ ప్రింటు దేనికో నాకు తట్టలేదు.

ఆ వారమే కాలనీ మొదటి వీధిలో ఒక ఇంటి గోడ కూల్చారు. అక్కడ తడిక కట్టలేదు, రోడ్డుకే దొరికిపోయింది. గోడ ఒక్కటే తీస్తామన్నారు. కానీ దూలాలు రెండు వైపులవీ దానిమీదే ఉన్నాయి కదా, రెండిళ్ల కప్పులూ కిందికొచ్చేశాయి. నేను వెళ్లేసరికి ఆ ఇంటావిడ పెంకుల్లోంచి గిన్నెలు ఏరుకుంటోంది. ఎవరూ ఏడవడం లేదు. అది చూసి నాకు మరింత భయమేసింది.

మా అత్త పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తోంది.

"అత్తా, నాను గీసిన పటం ఆఫీసోళ్లు అడుగుతన్నారు."

"దేనికే?"

"ఎవుల గోడ ఎక్కడుందో అంతా అందులో ఉంది."

ఆమె చెయ్యి ఆగింది. "ఇవ్వకపోతే ఏటౌతాది?"

"నాకు పరీచ్చ పెట్టీది ఆయనే."

"ఇత్తే?"

కత్తిపీట పక్కకి నెట్టి ఆమే అంది. "ఇత్తే ఈ గోడ ఉండదు. అంతేనా? పొలం ఇచ్చీసినాం. ఊరు ఇచ్చీసినాం. ఇంకా ఇవ్వడానికేటి మిగిలిందే మా కాడ? సదువు నీది, గోడ నాది. నా గోడ పెట్టి నువ్వు సదువు కొనుక్కోకు."

కిటికీలోంచి ముసలమ్మ గొంతు వినపడింది. "ఏటే, ఏటైంది?"

"ఏటీ నేదు. కూరలో ఉప్పెక్కువైపోనాది" అంది అత్త. కూర ఇంకా పొయ్యి మీదికే ఎక్కలేదు.

నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది. వద్దనడం తేలికే. పోర్టులో బస్తాల లెక్క చూసుకుంటూ మా నాన్న నన్ను ఇంతదాకా చదివించాడు, పరీక్ష పోతే ఆయనకు ఏం చెప్పాలి? కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మర్నాడు మాస్టారి దగ్గరికి వెళ్లి, సర్వే షీటు పెట్టకుండా వైవాకి వస్తానన్నాను.

"ఆధారం లేకుండా థీసిస్ ఎలా నిలబడుతుంది?"

"పోనీ, కొన్ని గోడలు మార్చి గీస్తానండి."

ఆయన కళ్లజోడు తీసి నన్ను చూశారు. "నేను సంతకం చేసిన కొలతని మారుస్తావా?" అన్నారు. అలా చూసే బదులు తిట్టినా బాగుండేది.

ట్రేసింగ్ మీద పడ్డ ఇంకు రబ్బరుతో పోదు. బ్లేడుని సగానికి విరిచి, పడుకోబెట్టి, కాగితం చిరగకుండా గీకాలి. తర్వాత గోటితో రుద్ది నునుపు చేయాలి, లేకపోతే కొత్త ఇంకు పాకుతుంది. హాలంతా భోజనానికి వెళ్లిన ఒక మధ్యాహ్నం నేను ఆ పని మొదలుపెట్టాను. ఒక్కో ఉమ్మడి గోడా గీకేసి, దాని చోట రెండు గోడలు గీసి, మధ్యలో ఖాళీ వదిలాను. అలా ప్రతి ఇల్లూ బుద్ధిమంతురాలైపోయింది. మా అత్త గోడ ఆఖరికి ఉంచుకున్నాను. దాని దగ్గర బ్లేడు కాస్త లోతుగా దిగి కాగితం కొంచెం లేచింది. చిన్న కిటికీ కూడా గీకేశాను. నా వాదన మొత్తం ఆ గోడలతోనే పోయింది. కానీ గోడలు నిలబడతాయి కదా అనుకున్నాను.

వైవా రోజు షీటు బోర్డుకి గుచ్చి మాట్లాడాను. ఏం మాట్లాడానో నాకే తెలియదు. పెద్దాయన లేచి దగ్గరికొచ్చారు.

"అప్పుడు ఇక్కడ ఒకటే గోడ అన్నారు?"

"కొలతలో పొరపాటు జరిగిందండి. మళ్లీ వెళ్లి సరిచేశాను."

ఆయన పిన్నులు తీసి, షీటుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుగుకి ఎత్తి పట్టుకున్నారు. గీకిన చోటల్లా కాగితం పలచబడి ఉంది. నేను చెరిపిన ప్రతి గోడా అక్కడ తెల్లగా వెలుగుతోంది. ఒక్కటి కూడా దాగలేదు. ఆయన చూశారు. వెనక నుంచి మా మాస్టారూ చూశారు.

"మీరు చెప్పండి మాస్టారూ. ఏది నిజం? మొదటిదా, ఇదా?"

మాస్టారు ఒక్క మాటంటే చాలు. ప్రతి కొలత పక్కనా ఆయన సంతకం ఉంది. ఆయన నన్ను చూడలేదు, షీటునే చూస్తూ ఉండిపోయారు.

"మా అమ్మాయికి కొలవడం ఇంకా రాలేదండి" అన్నారు చివరికి. "నేనూ సరిగ్గా చూడలేదు."

ఆయన అబద్ధం చెప్పడం నేను విన్నది అదొక్కసారే. నాకు మొహం మండిపోయింది. నాకు కొలవడం రాదా?

పెద్దాయన నా వైపు తిరిగారు. "ఆ కాలనీలో మీవాళ్లెవరైనా ఉన్నారా?"

"మా మేనత్తండి."

ఆయన షీటుని నెమ్మదిగా చుట్టారు. "ఈ సర్వే నమ్మదగ్గది కాదు. నమ్మలేని కాగితం మా ఆఫీసుకి పనికిరాదు. అమ్మాయి ఇంకో చోటు తీసుకుని వచ్చే ఏడు మళ్లీ చేయాలి" అన్నారు. ఆ కాగితం చుట్టని నా చేతిలో పెట్టి, తర్వాతి విద్యార్థిని పిలవమన్నారు.

తప్పానన్న కోపంతో మెట్లు దిగుతూ సగం దూరం వచ్చాక, ఆ షీటు నా చేతిలోనే ఉందన్న సంగతి తట్టింది. ఆయన కావాలంటే ఉంచేసుకోవచ్చు. అందులో చెరిపిన గోడలు గీసిన గోడల కంటే బాగా కనపడుతున్నాయి. అది నామీద కోపమో, ఆ ఇళ్ల మీద జాలో నాకు ఇవాళ్టికీ తెలియదు. మెట్ల మీదే కూర్చుండిపోయాను. మాస్టారు నన్ను దాటుకుని వెళ్లారు. ఆగి, "కొలతలు బాగా చేశావు" అని, దిగి వెళ్లిపోయారు.

ఇంట్లో మా నాన్న వచ్చే ఏటి ఫీజు ఎంతో అడిగి ఊరుకున్నాడు. మా అమ్మ మాత్రం ఎవరికీ చెప్పొద్దంది. ఒంట్లో బాగాలేక వైవాకి వెళ్లలేదని చెప్పమంది. ఆదివారం ఆ అబద్ధం నోట్లో పెట్టుకునే కాలనీకి వెళ్లాను. కానీ మా అత్త మొహం చూడగానే నిజమే వచ్చేసింది.

"తప్పీసినాను అత్తా. పటం ఇవ్వనేదు."

ఆమె చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని వీధిలోకి వెళ్లి గొంతెత్తింది.

"ఒలమ్మా, ఇనండర్రా! మా కోడలు పరీచ్చ తప్పీసింది! మన గోడల కోసం తప్పీసింది!"

తలుపులు తెరుచుకున్నాయి. తడికలు పక్కకి జరిపి ఆడవాళ్లు బయటికొచ్చారు. ఒకావిడ నా బుగ్గలు నిమిరింది. ముసలమ్మ కర్ర పట్టుకుని వచ్చి, నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఏదో గొణిగింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. అంతలోనే ఏడుపొచ్చింది, అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాను.

మరుసటి ఏడు వేరే చోటు కొలిచి, మంచి మార్కులతో పాసయ్యాను. స్వీట్లు పట్టుకుని మా అత్త దగ్గరికి వెళ్లి చెప్పాను. "మంచిదే" అంది. ఆ సంగతి వీధిలో ఎవరికీ చెప్పలేదు.