తుపాకీ లైసెన్సుకి వెళ్తే పెళ్ళివారి మర్యాద దక్కింది: మా రాజోలు ప్రయాణం

మా ఆయన నడుముకి రివాల్వరు పెట్టుకుని తిరుగుతానన్న రోజు నాకు నవ్వొచ్చింది. ఆయన మొహం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది. మాది సత్తుపల్లిలో చిన్న బంగారం కొట్టు. పోయిన ఏడాది ఒక సాయంత్రం ఆయన కొట్టు కట్టేసి సరుకు సంచితో ఇంటికి వస్తుంటే ఇద్దరు కుర్రాళ్ళు బైకు మీద వచ్చి సంచి లాక్కుపోయారు. ఒంటి మీద చిన్న గీత కూడా పడలేదు గానీ ఆ రోజు నుంచి ఆయనకు నిద్ర లేదు. వెనక బైకు చప్పుడైతే చాలు, గోడవైపు జరిగిపోయేవారు. అసలేం జరిగిందండీ అని ఎన్నిసార్లు అడిగినా "లాక్కుపోయేరు, అంతే" అని మాట తుంచేసేవారు. చివరికి ఎవరి సలహాతోనో, చొక్కా కింద కనపడకుండా పెట్టుకునే రివాల్వరుకు లైసెన్సు కావాలని ఖమ్మంలో దరఖాస్తు పెట్టారు. ఇంట్లో తుపాకీ అంటే నాకు గుండె దడ. "బీరువాలో నా చీరల పక్కన అది పెడితే ఇక ఆ బీరువా నేను తెరవను" అని తెగేసి చెప్పాను. ఆయన వినలేదు.

మేం ఉండేది తెలంగాణలోనే అయినా ఆయన పుట్టి పెరిగింది రాజోలు దగ్గర ఒక పల్లెలో. అందుకని ఇక్కడి విచారణ ఒక్కటే చాలదని, పొరుగు రాష్ట్రం నుంచి కూడా ఆయన నడవడిక మీద పోలీసు రిపోర్టు రావాలని చెప్పారు. కాగితం ఖమ్మం నుంచి అమలాపురం చేరి, అక్కడి నుంచి మండల పోలీస్ స్టేషనుకు వెళ్ళింది. బుధవారం ఊళ్ళో ఉండమని ఫోను వచ్చింది. ఆ రిపోర్టు బాగుంటే మా ఇంటికి తుపాకీ వస్తుంది, లేకపోతే రాదు. ఆయన ఒకటి కోరుకుంటుంటే నేను మనసులో ఇంకొకటి కోరుకుంటూ బయల్దేరాం. ఇలాంటి పని మీద వెళ్ళేవారు ఇంకా ఉంటారు కాబట్టి దారి వివరంగా రాస్తున్నాను. పద్ధతులు మాత్రం జిల్లాకొక రకంగా ఉండొచ్చు, మీ దగ్గర ఒకసారి కనుక్కోండి.

తెల్లవారుజామున ఐదింటికి సత్తుపల్లిలో రాజమండ్రి బస్సెక్కాం. ఆడవాళ్ళకు బస్సు ఉచితం కదా అని ధీమాగా కూర్చోకండి. సరిహద్దు దాటిన దగ్గర్నుంచి నాకూ టికెట్టు కొట్టారు. జంగారెడ్డిగూడెం, కొవ్వూరు మీదుగా మూడు గంటలు దాటింది. రాజమండ్రిలో బస్సు మారితే గంటలో రావులపాలెం. అరటి మార్కెట్టు అప్పటికే కిటకిటలాడుతోంది, గెలల లారీలు వరసగా ఆగి ఉన్నాయి. కూడలి దగ్గర చిన్న హోటల్లో పెసరట్టు ఉప్మా తిన్నాం. అంత మెత్తని పెసరట్టు మా వైపు దొరకదు. ఆయన మాత్రం సంచి పట్టీ మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుని, వీధిలోకి చూస్తూ సగం వదిలేశారు. పెనం దగ్గరున్న ఆవిడ అది కనిపెట్టింది.

"బాగోలేదాండీ? ఇంకోటి ఎర్రగా కాల్చి ఇమ్మంటారాండీ?"

"బాగుందమ్మా, ఆకలి లేదు," అన్నారాయన.

"అల్లం పచ్చడితో తినండి బాబుగారూ, ఆకలి అదే వస్తాది," అని అడక్కుండానే ఇంకో చెంచా వేసింది. పుట్టిన గడ్డ మీద ఎవరైనా అలా చొరవ చేస్తే ఆయన మామూలుగా మురిసిపోతారు. ఆ రోజు మురవలేదు.

రావులపాలెం నుంచి కొత్తపేట మీదుగా పి.గన్నవరం, అక్కడి నుంచి ఇంకో బస్సులో రాజోలు. ఎక్కడా ఎక్కువసేపు నిలబడక్కర్లేదు. పి.గన్నవరంలో అక్విడక్టు మీదుగా వెళ్ళేటప్పుడు కిటికీ వైపు కూర్చోండి: కాలవ నీళ్ళు వంతెన మీద, గోదావరి పాయ వంతెన కింద. ఎన్నిసార్లు వచ్చినా నాకది వింతే. రాజోల్లో దిగి మా పల్లెకు ఆటో మాట్లాడుకున్నాం. నూటయాభై అడిగాడు, బేరమాడే ఓపిక లేక సరేనన్నాం. ఎవరింటికని అడిగితే ఇంటిపేరు చెప్పాం. అంతే, ఆటో అతను అద్దంలోంచి మమ్మల్ని చూసి వెలిగిపోయాడు.

"సత్తిబాబుగారంటే మీరేనాండీ! ఇందాకే ఒకాయన బండి మీద వచ్చి మీ గురించి అడిగేరండీ. మేమందరం బాగానే చెప్పేం. మీరేం కంగారు పడకండి, పని అయిపోయినట్టేనండీ."

మా ఆయన నా వైపు గర్వంగా చూశారు. తుపాకీ సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు కదా, ఇతనికెలా తెలిసింది అని మా ఇద్దరికీ తోచనే లేదు.

ఊళ్ళో మేం దిగేది ఆయన పెద్దమ్మగారింట్లో. డెబ్భై దాటినా గొంతు కంచులా ఉంటుంది. కాళ్ళు కడుక్కోకముందే నన్ను పట్టుకుంది. "ఏమ్మా లక్ష్మీ, పిల్లకి సంబంధం వచ్చిందని మాటవరసకైనా చెప్పొద్దా? ఆళ్ళ తాలూకు మనిషి వాకబుకొచ్చేడు. నేను కాబట్టి సరిపోయింది, లేకపోతే మర్యాద జరిగేదా?"

మాకు ఉద్యోగంలో చేరి ఏడాదైనా కాని అమ్మాయి ఉంది. సంబంధాలు చూడటం ఇంకా మొదలే పెట్టలేదు. కానీ ఈ వైపు పద్ధతి తెలిసినవాళ్ళకు జరిగింది అర్థమవుతుంది. పెళ్ళిచూపులకు ముందు మగపెళ్ళివారు ఒక నమ్మకమైన మనిషిని చడీచప్పుడు లేకుండా ఊళ్ళోకి పంపుతారు. అమ్మాయి తండ్రి ఎలాంటివాడు, కోపమా శాంతమా, అలవాట్లేమిటి, గొడవలేమైనా ఉన్నాయా అని అతను నలుగురినీ అడుగుతాడు. అప్పుడు ఆ కుటుంబాన్ని నిలబెట్టడం ఊరందరి పూచీ. పోలీసు విచారణలో అడిగేవీ ఇంచుమించు అవే ప్రశ్నలు. జనం బెదరకుండా మాట్లాడతారని కానిస్టేబుల్ గారు మామూలు చొక్కా ప్యాంటుతో వచ్చారట. ఇంకేముంది!

ఇంతలో ఆ కానిస్టేబుల్ గారే వచ్చారు. బండి వెనక పెద్ద చక్రకేళి గెల, ముందు నాలుగు కొబ్బరి బొండాలు, చేతిలో సున్నుండల డబ్బా. పాపం, సిగ్గుతో చితికిపోతున్నారు.

"నేను పోలీసునండీ అని మొదటే చెప్పేనండీ," అన్నారు మా ఆయనతో. "అయితే అబ్బాయిది పోలీసు ఉద్యోగమాండీ, చాలా మంచిదండీ అని ఇవి కట్టేసేరు. వద్దంటే ఒట్టి చేతుల్తో పంపితే మా ఊరి పరువేం కానంటున్నారు. ఇవి మీరే దింపుకోండి బాబూ, నన్ను వదిలెయ్యండి."

పెద్దమ్మగారు ఇంకా ఒప్పుకోలేదు. తుపాకీ లైసెన్సు కోసమని నేను విడమరిచి చెప్పాక నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "తుపాకీయా! ఆ మాట ముందే చెప్తే ఇంకోలా చెప్పేవాళ్ళం కదరా సత్తిబాబూ! మహా పౌరుషవంతుడని చెప్పేవాళ్ళం!"

"ఇంతకీ ఏం చెప్పారండీ?" అని నేనడిగాను. నాకు ఆత్రం ఆగలేదు.

కానిస్టేబుల్ గారు మా ఆయన మొహంలోకి చూడకుండా మొదలుపెట్టారు. "కోడిని కోస్తుంటే చూసి కళ్ళు తిరిగి పడిపోయేరటండీ. ఇంట్లోకి పాము వస్తే కొట్టనివ్వకుండా, దానికి దారిచ్చి అందరినీ వీధరుగు మీద కూర్చోబెట్టేరట. కొబ్బరి వ్యాపారం చేసే రాంబాబుగారైతే ఇంకోటి చెప్పేరండీ. మీ తోటలో దొంగ చెట్టెక్కి కాయలు కోస్తూ మిమ్మల్ని చూసి గాభరా పడితే, మీరు కిందనుంచి 'జారిపోతావురా, నెమ్మదిగా దిగు' అన్నారట. దిగేదాకా చెట్టు కిందే నిలబడ్డారట."

"ఆయ్, నిజమే," అంది పెద్దమ్మగారు. "ఆడికి మజ్జిగ కూడా ఇచ్చేడు."

నేను పడీపడీ నవ్వాను. మా ఆయన నేల చూస్తున్నారు. చెవులు ఎర్రబడిపోయాయి. "అవన్నీ రాస్తారాండీ?" అని మెల్లగా అడిగారు.

"అవెందుకు రాస్తానండీ? కేసుల్లేవు, తగాదాల్లేవు, నడవడిక మంచిది. అంతే రాస్తాను. రిపోర్టు మీకు అనుకూలంగానే వెళ్తుందండీ." బండి స్టార్టు చేయబోయి ఆగారు. "నాకే ఊరికే తెలుసుకోవాలనుందండీ. అవసరమొస్తే మీరు దాన్ని బయటికి తీస్తారా?"

మా ఆయన వంగి, బండి వెనక గెల కట్టిన తాడు విప్పడం మొదలుపెట్టారు.

భోజనాలయ్యాక రెండున్నరకు తిరుగుప్రయాణం కట్టాం. పి.గన్నవరంలో బస్సుకు ఇంకా టైముందంటే అక్విడక్టు మీద కాస్త దూరం నడిచాం. గెలలోంచి రెండు అత్తాల పళ్ళు కోసి పెద్దమ్మగారు బలవంతాన ఇచ్చి పంపింది, అవి నా చేతిలో ఉన్నాయి. నడుస్తూ నడుస్తూ ఆయన రెయిలింగు పట్టుకుని ఆగిపోయారు.

"ఆ రోజు వాళ్ళ బైకు ఇసకలో జారింది లక్ష్మీ. వెనకవాడు పడిపోయేడు. సంచి వచ్చి నా కాళ్ళ దగ్గరే పడింది."

నేను చేతిలోని అరటిపళ్ళు కింద పెట్టేశాను.

"వాడి మోకాలు చెక్కుకుపోయి నెత్తురు కారిపోతోంది. నాకు కళ్ళు తిరుగుతున్నాయి. సంచి తీసుకోవాలని తోచలేదు. దెబ్బ తగిలిందా బాబూ అని చెయ్యిచ్చి లేపేను. వాడు లేచి, సంచి తీసుకుని, బండెక్కి పోయేడు. ఈ మాట నీతో ఎలా చెప్పను? తుపాకీ ఉంటే నేనలా ఉండనులే అనుకున్నాను."

నాకు ముందు కోపమే వచ్చింది. ఎందుకు రాదు? కాళ్ళ దగ్గర పడ్డ మా బతుకుతెరువది. గట్టిగా ఏదో అనబోయాను గానీ, నా నోట్లోంచి వచ్చింది వేరే.

"మరి వాడేమన్నాడు?"

ఆయన నీళ్ళలోకి చూస్తూ అన్నారు, "ఏం కాలే బాబాయ్, అన్నాడు."

ఆ మాటతో ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆయన ఏడ్చేశారు, నేనూ ఏడ్చాను. ఇన్నాళ్ళూ ఆయనకు నిద్ర పట్టనిది ఆ కుర్రాళ్ళ భయంతో అనుకున్నాను. తనంటే తనకు కలిగిన సిగ్గుతో అని అప్పుడు తెలిసింది. చెట్టు మీది దొంగను చూసి ఏమన్నారో, రోడ్డు మీది దొంగతోనూ అదే అన్నారు. ఆ మొదటి సంగతిని ఊరు ఊరంతా ఇన్నేళ్ళు దాచుకుని, మా అమ్మాయి పెళ్ళికి పనికొస్తుందని మురిపెంగా బయటికి తీసింది. అలాంటి మనిషి చొక్కా కింద తుపాకీ పెట్టి ఆయన్ని ఎవరిలా మార్చుకోవాలి? నాకు ఆయనే కావాలి. అదే మాట ఆయనతో అనేశాను. బస్సెక్కాక సంచి పట్టీ మణికట్టు నుంచి విప్పి నాకిచ్చారు. కొత్తపేట రాకముందే నా భుజం మీద తల వాల్చి నిద్రపోయారు. రావులపాలెంలో లేపడానికి నాకు మనసు రాలేదు.

తర్వాత ఖమ్మం నుంచి, రిపోర్టు బాగుంది, మిగతా పని పూర్తి చేసుకోమని ఫోను వచ్చింది. ఆయన వెళ్ళలేదు. ఇప్పుడు పొద్దు ఉండగానే కొట్టు కట్టేసి ఇద్దరం కలిసి ఇంటికి వస్తున్నాం. సంచి నా దగ్గరే ఉంటుంది, ఎందుకంటే కాళ్ళ దగ్గర పడితే నేను మాత్రం తీసుకుంటాను.

మీరూ ఇలాంటి విచారణకు సొంతూరు వెళ్ళేటట్టయితే ఒక్క సలహా. ఎవరో వస్తారు, ఇలా చెప్పండి అని ఊళ్ళోవాళ్ళకు ముందే నేర్పి పెట్టకండి. వాళ్ళకు గుర్తున్న మిమ్మల్నే చెప్పనివ్వండి, పక్కన కూర్చుని వినండి. తిరిగొచ్చేటప్పుడు అరటిపళ్ళకు మాత్రం ఒక గట్టి సంచి దగ్గర పెట్టుకోండి.