వదిలేసిన ఎనిమిది పేజీలు

శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు అక్క ఆసు ఆపింది. గోడ గడియారం నా ఎదురుగా ఉంది కాబట్టి సమయం గుర్తుంది.

పోచంపల్లి ఇళ్లలో ఆసు ఆడవాళ్ల పని. పేక దారానికి ముడులు కట్టి రంగులో ముంచే ముందు, దాన్ని చెక్క చట్రం మీద ఒక చివరి మేకు నుంచి ఎదుటి వంపు మీది మేకులకు చేత్తో పోయాలి. చెయ్యి పోతుంది, వస్తుంది. ఒక చీరకు ఎన్ని వేలసార్లో నేను ఎప్పుడూ లెక్కపెట్టలేదు. పెళ్లయి వచ్చిన నాటి నుంచి అక్క ఆ పనే చేసింది. నేను నల్లగొండలో గ్రంథాలయ ఉద్యోగిని. శుక్రవారం మాకు సెలవు. కొత్త జిల్లాలు వచ్చాక మా రెండు ఊళ్లూ వేర్వేరు జిల్లాల్లోకి పోయాయి గాని, చౌటుప్పల్‌లో బస్సు మారి అక్క దగ్గరికి వెళ్లడం మారలేదు. ఆమె ఆసు పోస్తుంటే పక్కన కూర్చుని నవల చదివి వినిపించేదాన్ని.

మొదలుపెట్టే ముందు ఆమె ఒక్కటే అడిగేది, ఇవాళ ఎన్ని పేజీలని. పేజీకి ఎంత దారం పోతుందో ఆమె చేతికి తెలుసు. ఆ రోజు ఇరవై అని చెప్పి, ఎనిమిది వదిలేశాను.

"గింత జల్ది ఎట్ల ఒడిసింది?" అంది.

పేజీలు చినిగిపోయాయన్నాను.

"లైబ్రరీల పనిచేస్తవ్. చినిగిన బుక్కే దొరికిందా నీకు?"

నవ్వి ఊరుకుంది. నేను నవ్వలేదు. ఆ నవలలో ఒకావిడకు జబ్బు చేస్తుంది. ఆమెను దవాఖానలో చేర్చారన్న వాక్యం కంటపడగానే చేతికొచ్చినన్ని పేజీలు తిప్పేశాను. అంతకు నెల ముందే హైదరాబాద్‌లో అక్కకు పరీక్షలు చేశారు. డాక్టరు జబ్బేమిటో నాకూ బావకూ మాత్రమే చెప్పాడు. మేం అక్కకు అది భుజం నొప్పి అని, ఆసు వల్ల వచ్చిందని చెప్పాం. నమ్మినట్టే కనిపించింది.

మరుసటి శుక్రవారం పుస్తకం తీసుకెళ్లలేదు. సినిమా పెడదామా అనుకుని మానేశాను. అక్కతో సినిమా చూడటం తేలిక కాదు. కథ అయిపోగానే లేచే అలవాటు నాది. ఆమె మాత్రం తెర మీద పేర్లన్నీ పోయేదాకా కదలదు. చీపుర్లు పట్టుకుని మనుషులు హాల్లోకి వచ్చినా, పనిచేసినోళ్ల పేర్లు అన్ని అయిపోనీయమనేది. ఆమెతో ఉంటే దేన్నీ మధ్యలో దాటేయడానికి వీల్లేదు. అందుకే ఫోన్‌లో బ్యాలే నాట్యం పెట్టాను. అందులో మాటలుండవు, వదలాల్సిందీ ఏమీ ఉండదనుకున్నాను.

తెల్ల గౌను పిల్ల ఒక కాలి వేళ్ల మీద నిలబడి గిరగిరా తిరుగుతోంది. అక్క ముందు ఆ కాళ్లనే చూసింది. పండుకునేటప్పుడు ఏం నూనె రాసుకుంటదో అంది. నాకు తెలియదు. మళ్లీ పెట్టమంది. మూడోసారి చూశాక అంది:

"ముఖం చూడు. ఒళ్లంత తిరిగినంక గని తల తిప్పుతలేదు. ఒక్క జాగనే చూస్తాంది. గట్ల చూస్తెనే కండ్లు తిరుగయ్."

బ్యాలే గురించి నేను రెండు మూడు పుస్తకాలు చదివాను, ఫోన్‌లో కనీసం పది ప్రదర్శనలు చూశాను. ఈ సంగతి ఎప్పుడూ గమనించలేదు. తర్వాత వెతికితే తేలింది, వాళ్లకు చిన్నప్పుడే అలా నేర్పుతారట.

అక్క ఫోన్‌ను చాప మీద బోర్లా పెట్టింది.

"చూపు తప్పిచ్చేది నువ్వే చెల్లె. గా దవాఖాన కాయితం నీ సంచిల్నే ఉన్నది గదా. చదువు."

నిజంగానే సంచిలో ఉంది. ఇంట్లో పెడితే ఎవరైనా చూస్తారని నెలరోజులుగా మోస్తున్నాను. తీశాను. అక్క మళ్లీ ఆసు మొదలుపెట్టింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెబుతూ పోయాను. జబ్బు పేరు దగ్గర కూడా ఆమె చెయ్యి ఆగలేదు. చివర రెండు వాక్యాలున్నాయి. జబ్బు కాలేయానికి పాకిందని ఒకటి, ఆపరేషన్‌తో లాభం లేదని ఇంకొకటి. అవి వదిలేశాను.

"గంతేనా?"

"గంతే అక్కా."

కాగితం ఒక్కటే. అందులో ఎంత వదిలానో చెప్పడానికి ఆమె చేతికి కొలత లేదు. లేదని ఆ రోజు అనుకున్నాను.

తర్వాత నాలుగు నెలలు బతికింది. ఆ కాగితం మాట మళ్లీ ఎత్తలేదు. ఆమెకు అంతా తెలుసని బావ అంటాడు. నన్ను ఊరడించడానికి అంటున్నాడో, నిజమో తెలియదు. నిజంగా తెలుసా అని మూడుసార్లు అడిగాను. మూడోసారి లేచి మగ్గం మీదికి వెళ్లాడు.

ఆమె పోయిన తర్వాత ఆ ఎనిమిది పేజీలూ గ్రంథాలయంలో బీరువాల మధ్య నిలబడి చదివాను. వాటిలో ఎవరూ చనిపోరు. జబ్బుపడినావిడ పక్క మంచం ముసలమ్మతో ఫ్యాన్ కోసం పోట్లాడుతుంది. ఆ ముసలమ్మ తెచ్చుకున్న పచ్చడిని తలుపు చాటున తినేస్తుంది. దొరికిపోయి, ఆకలైందని ఒప్పుకుంటుంది. అక్క వింటే పడీ పడీ నవ్వేది. ఒక్క వాక్యానికి భయపడి ఎనిమిది పేజీలు ఆమెకు లేకుండా చేశాను. కాగితంలో దాచిన రెండు వాక్యాల కంటే ఇదే నన్ను రాత్రిళ్లు ఎక్కువగా లేపి కూర్చోబెడుతోంది.

ఇప్పుడు సినిమాకు వెళితే పేర్లన్నీ అయ్యేదాకా కూర్చుంటాను. ఊడ్చేవాళ్లు విసుక్కుంటారు.

బావ యంత్రం మీద పోసిన దారం తెచ్చుకుంటున్నాడు. ఆ ఇంట్లో చేత్తో ఆసు పోయడం లేదు. శుక్రవారాలు నేను ఎవరికీ పైకి చదవడం లేదు.