ముప్పై ఎనిమిదిన్నరలో నలభై మూడు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతులు లోకంలో బహు తక్కువ. లెక్కల్లో డిగ్రీ ఫస్ట్ క్లాసులో పాసయ్యాక, బీఈడీలో సీటు వచ్చేదాకా ఇంట్లో కూర్చుని ఏం చేస్తావని మా మేనమామ నన్ను జగ్గయ్యపేటలో తన స్నేహితుడి టీవీల షాపులో చేర్పించాడు. నందిగామ నుంచి రోజూ బస్సులో వెళ్ళొచ్చేదాన్ని. ఓనరు గారిని మేమంతా చాటుగా ‘నిదానం గారు’ అనుకునేవాళ్ళం. బేరం ఎంత తొందరలో ఉన్నా, నిదానంగా చెప్పమ్మా, నిదానంగా, అని నా వెనక నిలబడి గొణిగేవారు పాపం. (నా ధోరణి చూశాక ఎవరైనా అలాగే గొణుగుతారు.)

ఒక మధ్యాహ్నం గరికపాడు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. జీవితమంతా లారీ నడిపి అప్పుడప్పుడే మానేసిన మనిషి కాబట్టి లారీ బాబాయి అనుకుందాం. వాళ్ళ హాల్లో టేకు షోకేసు ఉందట. ఆయన భార్య (ఆవిణ్ణి పిన్ని అనుకుందాం) తమ్ముడు స్వయంగా చేసి ఇచ్చినది. అందులో టీవీకని వదిలిన గూటి వెడల్పు ముప్పై ఎనిమిదిన్నర అంగుళాలు. ఆయనకేమో నలభై మూడు అంగుళాల టీవీ కావాలి. మిగతా షాపుల వాళ్ళు ముప్పై రెండు తీసుకోమన్నారట గానీ, అందులో మనుషులు చీమల్లా ఉన్నారని ఆయన బాధ. పోనీ షోకేసు పక్క చెక్క కోయిద్దామంటే, ముందు నన్ను కోయండి అని పిన్ని మాట్లాడ్డం మానేసిందట.

పడుతుందండీ, అన్నాను నేను, ఆయన మాట పూర్తికాకుండానే.

“ముప్పై ఎనిమిదిన్నరలో నలభై మూడు ఎట్టా పడుద్దమ్మా? గేటు సన్నగా ఉంటే ఎంత హారన్ కొట్టినా లారీ దూరదుగా.”

“టీవీని అడ్డంగా కొలవరు బాబాయ్ గారూ. కర్ణం కొలుస్తారు.”

“కరణాల్ని తీసేసి ఎన్నేళ్ళయిందమ్మా. ఇప్పుడు కొలవాలంటే సర్వేయరే రావాల.”

ఆ కర్ణం వేరని చెప్పి, అట్టముక్క తీసుకుని పలక గీశాను. ఈ మూల నుంచి ఆ మూలకి గీసిన గీత కర్ణం, అదే నలభై మూడు. టీవీ అడ్డం పదహారు పాళ్ళయితే నిలువు తొమ్మిది పాళ్ళు. పదహారు పదహార్లు, తొమ్మిది తొమ్మిదులు, రెండూ కూడి వర్గమూలం తీస్తే కర్ణం పద్దెనిమిది పాళ్ళ పైచిలుకు. ఆ లెక్కన అడ్డం ముప్పై ఏడున్నర. అంచులు కలుపుకున్నా ముప్పై ఎనిమిది. (ఫోనులో వెతికితే అర నిమిషంలో దొరికే సంగతే. కానీ అలా వెతికితే నా డిగ్రీ ఏమైపోవాలి?) బాబాయి అట్టముక్కని అటూ ఇటూ తిప్పి చూసి, పట్టకపోతే ఎవరిది పూచీ అన్నారు. నాది అన్నాను. వెనక నిదానం గారు దగ్గారు. విప్పిన పెట్టె వెనక్కొస్తే కంపెనీ తీసుకోదనీ, అదే జరిగితే టీవీతో పాటు నేనూ ఇంటికి వెళ్ళాల్సి ఉంటుందనీ చాలా నిదానంగా చెప్పారు.

పూచీ పడ్డదాన్ని కాబట్టి, టీవీ బిగించే కుర్రవాడితో పాటు ట్రాలీ ఆటోలో నన్నూ పంపించారు. మేం వెళ్ళేసరికి హాలు నిండా చుట్టుపక్కల జనం. పిన్ని షోకేసు పక్కనే కాపలా ఉన్నట్టు నిలబడింది. పెట్టె విప్పి, కాళ్ళు బిగించి, టీవీని గూటి ముందుకు తెచ్చాం. అడ్డం సరిగ్గా సరిపోయింది. నేను అందరి వైపూ ఒకసారి చూశాను. అప్పుడే పైన టక్కుమని చప్పుడైంది. టీవీ ఎత్తు కాళ్ళతో కలిపి పాతిక అంగుళాలు, గూటి ఎత్తు ఇరవై నాలుగే. త్రిభుజానికి మూడు భుజాలని ఊరంతటికీ పాఠం చెప్పినదాన్ని, షాపులో ఎత్తు మాటే అడగలేదు.

బాబాయి మెల్లగా, రంపం తెమ్మంటావా అమ్మా, అన్నారు. పిన్ని షోకేసుకి మరింత దగ్గరగా జరిగింది.

నా కళ్ళ ముందు నందిగామ బస్సు కనబడింది. కానీ గొంతు మాత్రం తడబడలేదు, అదొక్కటే ఆ వయసు చేసే మేలు. కాళ్ళు తీసేయమన్నాను. కాళ్ళు లేకపోతే ఎత్తు ఇరవై రెండే. గూటికి వెనక చెక్క లేదు కాబట్టి నేరుగా గోడకే క్లాంపు కొట్టి తగిలిద్దామన్నాను, మొదటినుంచీ అదే ఉద్దేశమన్నట్టు. కుర్రవాడు నా వైపు ఒకసారి చూసి డ్రిల్లు తీశాడు. పక్కల్లో మిగిలింది చెరో పావు అంగుళం, వేళ్ళు కూడా దూరవు. పైనా కిందా పట్టుకుని లోపలికి నెట్టాలి. కాస్త వాలినా మూల చెక్కకి తగులుతుంది. కుర్రవాడూ ఆటో డ్రైవరూ మోస్తుంటే నేను మధ్యలో నిలబడి, ఎడమ పక్క దించండి, కుడి పక్క లేపండి అని చేతులూపుతున్నాను. బాబాయి అలవాటుగా, రానీ రానీ, రైట్ రైట్, అంటూ లారీని రివర్సు చేయిస్తున్నట్టు ముందుకు వచ్చారు. టీవీ ఎక్కడా గీసుకోకుండా వెళ్ళి క్లాంపుకి తగులుకుంది.

బాబాయి రిమోటు నొక్కితే బొమ్మ వచ్చింది. పిన్ని బొమ్మ చూడలేదు. షోకేసు పక్క చెక్కల మీద చెయ్యి పెట్టి తడిమి చూసుకుని, అప్పుడు భర్త వైపు తిరిగింది.

“టీ తాగుతారా?”

అన్ని రోజుల తర్వాత ఆయనతో ఆమె అన్న మొదటి మాట అదే. బాబాయి తల ఊపారు. మాకు టీతో పాటు సేమియా కూడా పెట్టింది. చదువుకున్న పిల్ల మాటంటే మాటే అని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. నేను కాదనలేదు.

సాయంత్రం హైవే మీద లారీల మధ్య ట్రాలీ ఆటో తిరిగి వస్తుంటే, డ్రైవరు పక్కన కూర్చుని, గాలికి జుట్టు ఎగురుతున్నా సర్దుకోకుండా, రెండు వర్గాలు కూడితే లోకంలో సర్దుబాటు కాని పని ఉండదని గట్టిగా నమ్మాను. ఇప్పుడు క్లాసులో బోర్డు మీద ఒక గీత గీయాలన్నా రెండుసార్లు ఆలోచించుకుంటాను. ఎవరికీ దేనికీ పూచీ పడను. ఆ ఆటోలోని పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది. ఒక్కోసారి మాత్రం ఆమెని పిలిచి, కాస్త ఈ పని చూడవే, అనాలనిపిస్తుంది.