అంగ్రేజ్ సారు చూడని కట్ట

మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఈ మధ్య నేల తుడిచే మందు మార్చారు. ఇప్పుడు నిమ్మగడ్డి వాసన వస్తోంది. పక్కింటివాళ్లు హాయిగా ఉందంటారు. నాకు మాత్రం అశోక్‌నగర్‌లో ఒక మేడ మీది గది, బల్ల మీద పరిచిన తాటాకులు, వాటికి దూదితో నిమ్మగడ్డి నూనె రాస్తున్న పొడుగాటి తెల్లటి వేళ్లు గుర్తొస్తాయి. ఆ వేళ్లు థార్న్‌బీ గారివి. వీధిలో అందరికీ ఆయన అంగ్రేజ్ సారు.

ఇంగ్లండులో ఎవరికీ తెలియని ఒక చిన్న ఊళ్లో బడిపిల్లలకు చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. వాళ్ల ముత్తాత ఎప్పుడో ఇక్కణ్నుంచి పట్టుకెళ్లిన తాటాకుల కట్ట ఒకటి ఇంటి అటక మీద దొరికిందట. అది చదవడానికి పాత వ్యాకరణ పుస్తకం ముందేసుకుని తెలుగు నేర్చుకున్నారు. ఆ తర్వాత పిచ్చి ముదిరింది. ఏటా చలికాలం నాలుగు నెలలు అశోక్‌నగర్‌లో కిరాయికి దిగి, ఇళ్లల్లో మూలన పడ్డ రాతప్రతులు సేకరించేవారు. ఒక్కటీ దేశం దాటించలేదు; అన్నీ ఇక్కడి గ్రంథాలయానికే ఇచ్చేవారు. ఆయన తెలుగు వింటే నవ్వాగేది కాదు. చిక్కడపల్లి మార్కెట్లో "అమ్మా, ఈ వంకాయలు నేటివియా, నిన్నటివియా?" అని అడిగితే, కూరగాయలామె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి రెండు ఎక్కువ వేసేది.

నేను తెలుగు ఎం.ఏ. చేసి, ఉద్యోగం లేక రాంనగర్‌లో ఇంట్లో కూర్చున్న రోజుల్లో ఆయన దగ్గర చేరాను. కట్టలు చదివి ఒక్కోదానికి ఒక్కో కార్డు రాయడం పని. పాత రాత చదవడం వచ్చా అని అడిగితే వచ్చన్నాను. నిజానికి సగం సగమే వచ్చు. సారు తన కార్డుల్లో అక్షరం తెలియని చోటల్లా పెన్సిలుతో చిన్న సున్నా చుట్టేవారు. కొన్ని కార్డులు జల్లెడలా ఉండేవి. నా కార్డుల్లో ఒక్క సున్నా ఉండేది కాదు. పెద్దాయనకే రానిది నాకు వచ్చునని లోలోపల మురిసిపోయేదాన్ని.

ఒక ఏడాది కవాడిగూడ నుంచి శకుంతలమ్మ అనే ఆవిడ కబురు పంపింది. పాత ఇల్లు బిల్డరుకిచ్చి కిరాయింటికి పోతున్నారు, తాతగారి తాటాకుల కట్ట పూజగదిలో ఉంది, అదేమిటో వచ్చి చూడమని. సారుకు జ్వరం. నన్ను వెళ్లి రమ్మన్నారు. తాటాకు మీద గంటంతో గీసిన అక్షరాలు మసి, నూనె రుద్దితే గాని సరిగ్గా కనబడవు. ఆ కట్టకు ఎన్నేళ్లుగా రుద్దలేదో. పై ఆకు మీద ఒక 'శ్రీ', ఏదో దేవి పేరు తప్ప నాకేమీ అందలేదు. శకుంతలమ్మ, ఆమె కోడలు నా మొహమే చూస్తున్నారు. తెలియదంటే పరువు పోతుందనిపించింది. దేవీ ఉపాసన మంత్రాలు, చాలా నిష్ఠగా చూసుకోవాల్సినవి అనేశాను. ఫోనులో రెండు ఆకులు ఫోటో తీసుకుని వచ్చేశాను.

జ్వరం తగ్గాక సారు ఆ ఫోటోలు పెద్దవి చేసుకుని రెండు రోజులు కూర్చున్నారు. మూడోరోజు నేను వెళ్లేసరికి గదిలో పచార్లు చేస్తున్నారు. అవి మంత్రాలు కావు, పశువైద్యం. ఎద్దుకు మెడ వాస్తే ఏం చేయాలో, మందు తాగకపోతే దాన్ని ఎలా బుజ్జగించాలో ఒక పల్లెటూరి మనిషి తాను మాట్లాడే మాటల్లోనే రాసుకున్నాడు. ఇన్నేళ్లలో ఇలాంటిది చూడలేదంటూ సారు అప్పటికప్పుడు చెప్పులు వేసుకున్నారు.

కవాడిగూడలో శకుంతలమ్మ ఎదురొచ్చి మా ఇద్దరి చేతుల్లో ప్రసాదం పెట్టింది.

"నువ్వు చెప్పినవ్ కాబట్టి సరిపోయింది బిడ్డా. గంత నిష్ఠ కిరాయింట్ల మాతోని ఏడైతది? పంతులును అడిగితే పారే నీళ్లల్ల కలపమన్నడు. నిన్ననే బాసర పోయి గోదాట్ల కలిపొచ్చినం."

నా చేతిలో లడ్డు అలాగే ఉండిపోయింది. సారు కళ్లకద్దుకుని తిన్నారు. కూర్చుని, తాతగారు ఏం చేసేవారని అడిగారు. ఊరూరూ తిరిగి ఎడ్లకు, బర్లకు మందులిచ్చేవాడట. ఇంత మంత్రం తెలిసి కూడా ఇంట్లో ఎవరికీ చెప్పలేదని ఆమె మురిసిపోయింది. సారు అంతా రాసుకున్నారు. అసలు సంగతి మాత్రం చెప్పలేదు.

అశోక్‌నగర్ దాకా నడిచాం. మెట్ల దగ్గర సారు ఆగి అడిగారు.

"సుజాత గారూ, తమరు చదివితిరా, ఊహించితిరా?"

చదవలేకపోయానని, ఆ మాట చెప్పడానికి సిగ్గేసిందని చెప్పి ఏడ్చాను. ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. మర్నాడు ఆ రెండు ఫోటోలూ నా ముందు పెట్టి, రాని అక్షరం దగ్గర సున్నా చుట్టమన్నారు. మొదటిరోజు కాగితమంతా సున్నాలే. ఒక్కొక్కటే చెరుపుకుంటూ పోవడానికి మూడు వారాలు పట్టింది. నాకు చదవడం వచ్చింది అప్పుడే.

పోయిన ఆ కట్టకు కూడా సారు కార్డు రాశారు. ఫోటోలో చూసిన ఆకులు రెండు, చదివినది సుజాత. తక్కినవి పోయినవి, సేకరించేవాడు స్వయంగా వెళ్లనందువల్ల. తప్పు నాదని రాయమని ఎంత బతిమాలినా వినలేదు. పంపేముందు నాకెంత వచ్చో చూసుకోవాల్సింది తానే అన్నారు. మరి శకుంతలమ్మకు చెప్పాలా అని అడిగితే, అది నేనే తేల్చుకోవాలన్నారు.

తేల్చుకోవడానికి ఏళ్లు పట్టింది. ఇప్పుడు నేను నారాయణగూడలో ఒక కాలేజీలో తెలుగు చెబుతున్నాను. పిల్లలు అడిగింది తెలియకపోతే తెలియదంటాను. ఆ మాట అనగలగడం ఆయన పెట్టిన భిక్ష. అయితే అన్న ప్రతిసారీ, అనవలసిన చోట అనలేదు కదా అని మనసు పీకేది. కిందటేడు సారు పోయారని ఆయన మేనకోడలు ఈమెయిల్ రాసింది. పోయిన నెల కవాడిగూడ వెళ్లి, కొత్త ఫ్లాటులో శకుంతలమ్మ ఎదురుగా కూర్చుని, జరిగిందంతా చెప్పి, ఆ రెండు ఆకులూ చదివి వినిపించాను. మందు తాగని ఎద్దును పేరు పెట్టి పిలిచి, గంగడోలు నిమిరి, అప్పుడు నోట్లో మందు గొట్టం పెట్టమని రాసిన చోట ఆమె చెయ్యెత్తి నన్ను ఆపింది.

"గిది మా తాత మాటనే" అంది.

నన్ను తిట్టలేదు.

"మల్లొక్కసారి చదువు బిడ్డా."

చదివాను. రెండే ఆకులు కదా, తొందరగానే అయిపోయింది.