నేలను అడిగే కాలు

బురదలోంచి కాలు పైకి వచ్చేటప్పుడు వినిపించే ఆ ‘చప్’ మన్న చప్పుడుకు నేను ఇవాళ్టికీ చేతిలో పని ఆపేస్తాను. తెనాలిలో మా వర్క్‌షాప్ వెనక నల్లమట్టి దమ్ము చేసి ఉంచిన చిన్న మడి ఉంది. అందులో మా నాలుగు కాళ్ల యంత్రం నడిచినప్పుడల్లా సుగుణ మేడమ్ గుర్తుకొస్తారు.

బాపట్లలో నేను ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఆవిడ మా లెక్చరర్. ఊరు రేపల్లె. వాళ్లమ్మ నాట్లకు వెళ్లేదనీ, సెలవుల్లో తానూ వెంట వెళ్లేదాన్ననీ దాపరికం లేకుండా చెప్పేవారు. చివరి ఏడాది మేం పొలంలో మందు చల్లే నడిచే యంత్రం తలపెట్టాం. దిగబడకుండా పళ్లేల్లాంటి పాదాలు బిగించి మా తెలివికి మేమే మురిసిపోయాం. తీరా మడిలో దింపితే అవి బురదకు అతుక్కుపోయాయి. మోటారు మూలిగింది గానీ కాలు లేవలేదు. వారంలోగా ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దాటకపోతే ప్రాజెక్టు వదిలేయమన్నారు కాలేజీ పెద్దలు. నాకు ఏడుపొచ్చింది.

మేడమ్ చెప్పులు గట్టున విడిచి, కుచ్చిళ్లు ఎగదోపి మడిలోకి దిగారు.

“రా అమ్మాయ్. నా మొహం కాదు, కాలు చూడు.”

చూశాను. ముందు మడమ లేస్తోంది. దాని కిందికి నీళ్లు దూరాకే వేళ్లు వస్తున్నాయి.

“కాలు వేయడం ఎవరైనా వేస్తారు. తీయడం చూసుకోవాలి. ఇంకోటి, బరువంతా ఒక్కసారే వేస్తున్నానా?”

“లేదండి. ముందు తడిమి చూస్తున్నారు.”

“మరి నేల ఒప్పుకుందో లేదో అడగాలి కదమ్మా. అడిగి ఆగాలి.”

ఊహ తెలిసినప్పటి నుంచీ నడుస్తున్నదాన్ని, నడకలో ఇంత ఉందా అని మోకాలి లోతు బురదలో నిలబడిపోయాను.

పాదాలు చిన్నవి చేసి, మడమ ముందు లేచేలా కీలు పెట్టాం. నేల గట్టిదనం కనిపెట్టే సెన్సర్లు అమర్చాం. గడువు రోజున మడి మధ్యలో యంత్రం ఒక గుంటలో కాలు పెట్టి ఆగింది. బరువు వేయలేదు. కాలు వెనక్కి తీసుకుని, పక్కన తడిమి, అప్పుడు ముందుకు ఒరిగింది. అక్కడ గుంట ఉందని దానికి మేమెవరం చెప్పలేదు. అది అవతలి గట్టు ఎక్కుతుంటే మేడమ్ కళ్లు తుడుచుకున్నారు.

“మా అమ్మ నడకే,” అన్నారు మెల్లగా.

మేడమ్ ఇప్పుడు లేరు. కొత్తగా చేరిన ఇంజనీర్లు, “ఆ ఆగడం తీసేస్తే స్పీడు పెరుగుద్దండి,” అంటుంటారు. నేను తీయనివ్వను. మేడమ్ వాళ్లమ్మగారిని నేనెన్నడూ చూడలేదు, పేరైనా అడగలేదు. మా యంత్రం ప్రతి అడుగుకీ ఆగే ఆ క్షణం మాత్రం ఆవిడదే.