కంపెనీకి రొట్టె

ఈ ఉదయం ఆరుంబావుకు బొల్లారం వెళ్లే కంపెనీ బస్సు మా వీధి చివర ఆగింది. ఎక్కుతున్నవాళ్లలో ఎవరి సంచిలోంచో జొన్నరొట్టె వాసన వచ్చింది.

చిన్నప్పుడు, ఇదే బస్సులో పనికి వెళ్లే నాన్న డబ్బాలో అమ్మ రొట్టెలు ఎక్కువే పెట్టేది. ఎవరికని అడిగితే “కంపెనీకి, బిడ్డా” అనేది. కంపెనీ అంటే ఎవరో ఆకలిగొన్న మనిషి అనుకున్నాను.

నిజానికి అవి నాన్నతో పనిచేసే, బిహార్ నుంచి వచ్చిన కాంట్రాక్టు కూలీలకు. షెడ్డులో పర్మనెంటువాళ్లు వాళ్లతో కలిసి తింటే పని పోతుందని సూపర్‌వైజర్ నాన్నను బెదిరించాడు.

“ఇగ బంజేయరాదు?” అంది అమ్మ.

“బంజేసుడేంది? రేపటిసంది ఇంకో రెండు పెట్టు,” అన్నాడు నాన్న.

పెద్దయ్యాక నిఘంటువు చూశాను. ఆ ఇంగ్లిషు మాటకు వ్యాపార సంస్థ, సైనిక దళం, తోడు అని అర్థాలున్నాయి. లాటిను మూలంలో మాత్రం కలిసి రొట్టె తినేవాళ్లని ఉంది. ఎవరేమన్నా నాకు కంపెనీ అంటే అదే.

నాన్న పోయాడు. ఆ షెడ్డులో ఇప్పుడెవరూ కలిసి తినరు.